మోటారు కట్టెయ్యమని చెప్పే మా జున్ను

మా ఇంట్లో పై ట్యాంకు నిండిందని మొదట తెలిసేది జున్నుకే. పెరటివైపు గొట్టంలోంచి నీళ్లు బండల మీద పడటం మొదలవగానే, ఎక్కడ పడుకుని ఉన్నా లేచి వస్తుంది. వంటింటి గుమ్మం పక్కనున్న మోటారు స్విచ్చు కింద నిలబడి ఒక్కసారి మొరుగుతుంది. ఒక్కసారే. తర్వాత మా ముఖాల వంక చూస్తుంది. ఎవరూ కదలకపోతే ఇంకోసారి. ఎవరైనా వచ్చి కట్టేశాక కూడా వెంటనే వెళ్లదు. బండల మీద నీళ్ల చప్పుడు పూర్తిగా ఆగేదాకా చెవులు అటు తిప్పి విని, అప్పుడు వెళ్లి తన గోనెపట్టా మీద పడుకుంటుంది.

ఇది మేం నేర్పింది కాదు. నీళ్ల చప్పుడు వినగానే "మోటారు, మోటారు" అని కేకలేస్తూ ఎవరో ఒకరు అటు పరిగెత్తడం అది పిల్లగా ఉన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. చప్పుడు, పరుగు, స్విచ్చు: ఈ మూడింటినీ తనే ముడిపెట్టుకుంది. ఒకరోజు మేమెవరం లేవకముందే తను వెళ్లి అక్కడ నిలబడింది. పాప అది గమనించి, మోటారు కట్టేసి, ఉడికిన గుడ్డు ముక్క దాని నోట్లో పెట్టింది. మా వంతుగా చేసింది అంతే. ఆ రోజునుంచి అది దాని ఉద్యోగం.

జున్ను నాటు కుక్క. పక్క సైటులో ఇల్లు కడుతున్నప్పుడు ఇసుక గుట్ట వెనక ఓ వీధికుక్క పిల్లల్ని పెట్టింది. ఇసుక ఖాళీ అయ్యేసరికి మిగిలిన పిల్ల ఇది. ఒళ్లంతా జున్ను రంగు, మూతి మాత్రం నలుపు. కుడి చెవి నిటారుగా నిలబడుతుంది, ఎడమ చెవి సగంలో మడత పడుతుంది. ఇంటికొచ్చినవాళ్లు దాని పనులు చూసి "ఏం జాతండీ?" అని అడుగుతారు. నాటుదే అంటే నమ్మరు. "ఎక్కడో లాబ్రడార్ కలిసి ఉంటుందిలెండి" అనేసి వెళ్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. డబ్బు పెట్టి కొన్న కుక్కకే తెలివుంటుందన్న నమ్మకం వల్లే కదా, మన వీధిలో పుట్టినవాటికి ఎవరూ ఓపిగ్గా కూర్చుని ఏమీ నేర్పనిది!

ఈ విషయం మీద మన దేశంలోనే ఒక మంచి పరిశోధన జరిగింది. కోల్‌కతాలోని ఐఐఎస్‌ఈఆర్ అనే సైన్సు విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. 2020లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో, ఒంటరిగా తిరుగుతున్న 160 వీధికుక్కల ముందు మూసిన రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని వేలితో చూపించారు. ఈ కుక్కలకి ఎవరూ ఏమీ నేర్పలేదు, ఆ మనుషులెవరో కూడా వాటికి తెలియదు. దాదాపు సగం కుక్కలు ఏ గిన్నె దగ్గరికీ రాలేదు. వచ్చినవాటిలో మాత్రం సుమారు 80 శాతం వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. రాని కుక్కల్లో బెదురు ఎక్కువగా కనిపించిందని కూడా వాళ్లు రాశారు. అంటే అక్కడ అడ్డొచ్చింది భయం. మనిషి వేలు ఎటు చూపిస్తోందో తెలుసుకునే శక్తి మాత్రం వీధిలో పుట్టి పెరిగే ఈ కుక్కల్లోనే ఉంది.

మా ఇంట్లో నాకు అర్థమైందీ ఇదే. మనం నేర్పినా నేర్పకపోయినా కుక్క పొద్దస్తమానం మనల్ని చూసి నేర్చుకుంటూనే ఉంటుంది. మా వారు చెప్పుల స్టాండు దగ్గర తోలు చెప్పులు తీస్తే షాపుకి, రబ్బరు చెప్పులు తీస్తే తనని తీసుకుని గోదావరి గట్టుకి. ఆయన చెయ్యి దేనిమీద పడుతుందో చూసే అది లేవాలా వద్దా అని నిర్ణయించుకుంటుంది. ఆయన స్కూటరు వీధి మలుపు తిరక్కముందే గేటు దగ్గరికి చేరుతుంది. అలాంటి స్కూటర్లే మా వీధిలో చాలా ఉన్నాయి, వాటికి లేవదు. మనకి వినిపించే శబ్దాల పైహద్దు 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, కుక్కలకి సుమారు 45 వేల దాకా వెళ్తుంది. ఒకే కంపెనీ బండ్లయినా దాని చెవికి వేరువేరు బండ్లే.

ఇంతగా మనల్ని కనిపెట్టుకుని ఉండే ప్రాణికి మనం ఒక్కొక్కరం ఒక్కో మాట చెబితే దానికి ఏం తోస్తుంది? అందుకని జున్నుకి ఏదైనా నేర్పే ముందు ఇంట్లో అయిదుగురం కూర్చుని మాటలు ఖాయం చేసుకున్నాం. పెద్దవాడు ఫ్రిజ్ మీద కాగితం అంటించాడు. కూర్చో, ఆగు, రా, వదులు, అవతలికి. వీటికి ఇంకో రూపం లేదు. ఎవరు చెప్పినా ఇదే మాట, ఇదే చేతి సైగ. ఇవి కాక ఇంకో మాట ఉంది: భేష్. అది పని సరిగ్గా చేసిన క్షణాన అనే మాట. అన్నాక తినడానికి ముక్క వచ్చి తీరాలి, ఊరికే అనకూడదు. రోజువారీ మాటల్లో మా ఇంట్లో ఎవరూ వాడరు కాబట్టి దాన్నే ఎంచుకున్నాం. ముక్క జేబులోంచి తీసి ఇచ్చేసరికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ లోపు కుక్క లేచి నిలబడితే, లేచినందుకు పెట్టారనుకుంటుంది. కూర్చున్న ఆ క్షణాన్నే పట్టుకుని చెప్పడానికి ఒక చప్పుడు కావాలి. శిక్షకులు వాడే, నొక్కితే టిక్కుమనే క్లిక్కర్ పని కూడా అదే. బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1951లోనే ఇంట్లో కుక్కకి ఇలా నేర్పవచ్చని సామాన్యులకి అర్థమయ్యేలా ఒక పత్రికలో రాశాడు. మా భేష్‌కి ఖర్చు కూడా లేదు.

ముక్క అంటే శనగగింజంత. కోడి లివరు ఉడికించి తరిగినవి, లేదా గుడ్డు. శనివారం ఇంట్లో నీచు వండం, ఆ రోజు క్యారెట్టు, పచ్చి కొబ్బరి. శనివారం జున్ను పాఠాలు కాస్త నెమ్మదిగా సాగుతాయి. అది సహజం, కూలి తగ్గితే పని తగ్గుతుంది. అందుకే కొత్త పాఠాలు ఆ రోజు మొదలుపెట్టం.

అత్తయ్యగారు మొదట్లో కుక్క అంటే ఆమడ దూరం. మడి, పూజ, తులసికోట చుట్టూ ముగ్గు. "పూజ గది గడప తొక్కితే ఊరుకోనమ్మా, ముందే చెప్తున్నా" అన్నారు. ఇప్పుడు జున్ను పూజ జరిగినంతసేపూ గడప బయట, ముగ్గుకి ఇవతల కూర్చుంటుంది. కాలు ముగ్గు మీద పడదు. ఇది నేర్పింది ఆవిడే. రోజూ హారతి గంట మోగాక కొబ్బరి ముక్క ఒకటి తెచ్చి, జున్ను గడపకి దూరంగా కూర్చుని ఉంటేనే పెట్టేవారు. దగ్గరికి జరిగితే "అవతలికి" అని, అది వెనక్కి వెళ్లేదాకా చేతిలోనే ఉంచుకునేవారు. కోపం లేదు, కేక లేదు. కొన్ని వారాలకే గంట చేతిలోకి తీసుకుంటేనే జున్ను నోట్లో నీరూరడం నేను చూశాను. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ పనిలోనే, తిండి పెట్టే మనిషి కనబడగానే కుక్కలకి లాలాజలం ఊరడం ఆయన కంటపడింది. అత్తయ్యగారికి ఆ పేరు తెలియదు. ఎనభయ్యో పడిలో, తన ఓపికతో తను అదే పని చేశారు.

ఇక్కడ ఒక్క మాట, కుక్కలున్న ఇళ్లవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ప్రసాదం పెడుతున్నాం కదా అని కేసరి, చక్రపొంగలి, పరమాన్నం పెట్టకండి. వాటిలో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. కొన్నిటికి కొద్దిగా తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర అన్నంలో కలిపి పెట్టడం మన ఇళ్లలో మామూలు. అదీ మంచిది కాదు, వాటి రక్తకణాలు దెబ్బతింటాయి. చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు. పండగ పూట ఇంటికొచ్చిన బంధువులు ప్రేమగా ఏదో ఒకటి విసురుతారు కాబట్టి, జున్నుకి "వదులు" అనే మాట మిగతావాటికన్నా ముందు నేర్పాం. మూసిన గుప్పిట్లో ముక్క పెట్టి దాని ముక్కు ముందు పట్టుకోవాలి. నాకుతుంది, గోకుతుంది. ఓపిక పట్టాలి. విసిగి ముఖం పక్కకి తిప్పుకున్న క్షణంలో "భేష్" అని, రెండో చేతిలోంచి ఇంకా మంచి ముక్క ఇవ్వాలి. వదిలేస్తే అంతకన్నా మంచిది దొరుకుతుందని దానికి తెలిస్తే, నేలమీద పడ్డ లడ్డూని కూడా వదిలేస్తుంది.

జున్ను నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది "గడ్డం". నేను కింద కూర్చుని అరచెయ్యి చాపితే, వచ్చి తన గడ్డం అందులో ఆనిస్తుంది. అంతే. చూడటానికి ముద్దు చేసినట్టే ఉంటుంది కానీ దాని వెనక ఒప్పందం ఉంది. గడ్డం నా చేతిలో ఉన్నంతసేపూ నేను దాని చెవులు చూడవచ్చు, కాలివేళ్ల మధ్య పిడుదులు తీయవచ్చు, కంట్లో మందు వేయవచ్చు. అది గడ్డం ఎత్తిందా, నా చెయ్యి వెంటనే ఆగిపోవాలి. మళ్లీ పెట్టేదాకా ముట్టుకోకూడదు. మొదట గడ్డం ఆనించి ఒక్క క్షణం ఉంటే భేష్. తర్వాత ఉండే సమయం కొంచెం కొంచెం పెంచాం. తర్వాత రెండో చేత్తో చెవి తాకడం, చెవి మడత తెరవడం, పట్టకారు చూపించడం, పట్టకారుతో వెంట్రుకలు తాకడం. ప్రతి అడుగుకీ ముక్క. పట్టకారు దగ్గర అది చాలా రోజులు గడ్డం ఎత్తేసేది. ఎత్తిన ప్రతిసారీ పట్టకారు కింద పెట్టేసేదాన్ని. వద్దంటే మానేస్తారన్న నమ్మకం కుదిరాక, వద్దనడం దానంతటదే తగ్గింది. నలుగురు కలిసి నొక్కిపట్టుకుంటే ఒక పిడుదు తీయగలమేమో కానీ, మర్నాడు ఆ కుక్క మంచం కిందనుంచి బయటికి రాదు.

వానాకాలంలో మా వైపు పిడుదులు విపరీతం. పిడుదుల వల్ల కుక్కలకి టిక్ ఫీవర్ వస్తుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రోజూ వేళ్ల సందులు, చెవి లోపల, తోక మొదట్లో వెతకాలి. జున్ను సాయంత్రం దీపం పెట్టే వేళకి తనే వచ్చి గడ్డం పెట్టేస్తుంది. రేబీస్ టీకాకి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినా ఇదే పద్ధతి. బల్ల మీద గడ్డం నా చేతిలో పెట్టి నిలబడుతుంది, డాక్టరుగారు వెనకనుంచి సూది వేసేస్తారు. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం) అని మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లాడికి మొదటిసారి రేబీస్ టీకా మొదలుపెట్టిన రోజది. ఇంట్లో కుక్కకే కాదు, వీధిలో మీరు అన్నం పెట్టే కుక్క ఉంటే దాన్నీ ఆ రోజు తీసుకెళ్లండి.

సలహాలు ఇచ్చేవాళ్లకి కొదవ లేదు. "దానికి నువ్వే లీడర్‌వని తెలియాలి, వెల్లకిలా పడేసి నొక్కిపట్టు" అని మావాళ్లలోనే ఒకాయన చెప్పారు. ఈ లీడర్ మాట తోడేళ్ల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ జూలో బోనులో పెట్టిన తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం కొట్టుకుంటాయని రాశాడు. అడవిలో తోడేళ్ల వెంట ఏళ్లు గడిపిన డేవిడ్ మీచ్ తర్వాత తేల్చి చెప్పింది వేరు. అడవిలో గుంపు అంటే ఎక్కువగా తల్లీ తండ్రీ పిల్లలూ, అది ఒక కుటుంబం. పిల్లలు తల్లిదండ్రుల వెంట నడవడానికి పోట్లాట అక్కర్లేదు. మా జున్ను కూడా మాతో పోటీకి రాలేదు. గేటు తెరిచినప్పుడు ముందు దూసుకెళ్లేదంటే బయట మేకలున్నాయని, మాకన్నా పెద్దదనిపించుకుందామని కాదు. దానికి మందు తేలిక. కూర్చుంటే గేటు తెరుచుకుంటుంది, లేస్తే మూసుకుంటుంది. ముక్క కూడా అక్కర్లేదు, గేటు తెరుచుకోవడమే బహుమానం. గడియ ముక్కుతో పైకెత్తడం కూడా ఈలోగా నేర్చేసుకుంది కాబట్టి, దానికి ఇప్పుడు ఒక కొక్కెం వేశాం.

"రా" అన్న మాటకి మాత్రం మా ఇంట్లో గట్టి కట్టుబాటు. ఆ మాటతో పిలిచి స్నానం చేయించకూడదు, తిట్టకూడదు, గొలుసు వేయకూడదు. స్నానానికైతే మనమే దాని దగ్గరికి వెళ్లి తీసుకురావాలి. రా అంటే ఎప్పుడూ మంచే జరగాలి. గోదావరి గట్టు మీద పొడవాటి నైలాన్ తాడు కట్టి, అది వాసనల్లో మునిగి ఉన్నప్పుడు పిలిచేవాళ్లం. వస్తే రెండు మూడు ముక్కలు, వెంటనే మళ్లీ "పో, ఆడుకో". పిలుపంటే ఆట ముగిసిందని అనుకోకూడదు కదా. గట్టు మీద ఇసుక లారీలు ఎంత వేగంగా వస్తాయో రాజమండ్రివాళ్లకి చెప్పక్కర్లేదు. కిందటి వేసవిలో తాడు జారిపోయి, పందుల వెనక రోడ్డుకి అడ్డంగా పరిగెత్తింది జున్ను. మా వారు ఉన్నచోటే నిలబడి, ఇంట్లో పిలిచే గొంతుతోనే "జున్నూ, రా" అన్నారు. రోడ్డు అంచున తిరిగింది. ఆయన జేబులో ఉన్న ముక్కలన్నీ దాని ముందు కుమ్మరించేశారు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆయన చెయ్యి దాని వీపు మీదే ఉంది.

బంతి గురించి ఒక చిన్న మాట: కుక్కలకి ఎరుపు సరిగ్గా కనబడదు, గడ్డిలో ఎర్ర బంతి వాటికి మట్టి రంగులో కలిసిపోతుంది. నీలం కొనండి.

పోయిన వర్షాకాలంలో పాపకి ఓ ఆలోచన వచ్చింది. నానమ్మ కళ్లజోడు పెట్టె రోజుకి రెండుసార్లు కనబడకుండా పోతుంది, జున్నుకి వెతకడం నేర్పితే? ముందు మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద గుడ్డు ముక్క పెట్టి ఆట మొదలుపెట్టింది. జున్నుకి ముక్కుతో ఆడే ఆటంటే పిచ్చి. తర్వాత కళ్లజోడు పెట్టెని నేలమీద పెట్టి, దానికి ముక్కు ఆనిస్తే భేష్. తర్వాత కుర్చీ మీద, తర్వాత దిండు వెనక, ఆ తర్వాత పక్క గదిలో. ఆ పెట్టెకి అత్తయ్యగారి చేతి వాసన, విభూతి, అమృతాంజనం అన్నీ పట్టి ఉంటాయి కాబట్టి దాని ముక్కుకి అదేం కష్టం కాదు. నోట కరిస్తే పెట్టె పగులుతుందని, దొరికిన చోట ముక్కు ఆనించి కూర్చోవడమే నేర్పాం. పేలుడు పదార్థాల్ని పసిగట్టే పోలీసు కుక్కలకి కూడా గోకకుండా, ఊరికే కూర్చుని చెప్పడమే నేర్పుతారు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లోని శిక్షణ అకాడమీలో పోలీసు కుక్కకి శిక్షణ ఇచ్చేటప్పుడు దాన్ని నడిపించే కానిస్టేబుల్ కూడా నెలల తరబడి దానితో కలిసే నేర్చుకుంటాడు. ఆ పద్ధతి నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

ఒక ఏకాదశి రోజు పొద్దున్నే అత్తయ్యగారు పారాయణకి కూర్చోబోతే కళ్లజోడు లేదు. పాప "జున్నూ, వెతుకు" అంది. హాలు అంచుల వెంట ముక్కు నేలకి ఆనించి తిరిగింది, మంచం కిందకి దూరి వచ్చింది, తర్వాత తల పైకెత్తి గాలి పీల్చి సామాను గదిలోకి వెళ్లింది. బియ్యం డ్రమ్ము ముందు కూర్చుంది. "అక్కడెందుకుంటుందే, నిన్న నేను ఆ గదిలోకే వెళ్లలేదు" అన్నారు అత్తయ్యగారు. జున్ను లేవలేదు. డ్రమ్ము మీద చేట, చేటలో ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఏరి పెట్టిన కందిపప్పు, చేట వెనక కళ్లజోడు పెట్టె. అత్తయ్యగారు ఆ పెట్టె తీసుకుని, జున్ను తల మీద చెయ్యి వేసి "బంగారు తల్లివే నువ్వు" అన్నారు. ఉపవాసం కాబట్టి కొబ్బరికాయ కొట్టి, సగం చిప్పలోంచి ముక్కలు కోసి పెట్టారు.

దీపావళి సంగతి కూడా అడుగుతున్నారు కొందరు. మేం వినాయక చవితి వెళ్లగానే మొదలుపెడతాం. ఫోనులో టపాకాయల చప్పుడు, దాదాపు వినబడనంత తగ్గించి, జున్ను అన్నం తింటున్నప్పుడు. చెవి ఆడించి మళ్లీ తింటే సరే. తినడం ఆపితే ఎక్కువైందన్నమాట, ఇంకా తగ్గించాలి. చప్పుడు పెంచడం మన తొందర మీద కాదు, దాని గిన్నె మీద ఆధారపడాలి. పండగ రోజు చీకటి పడకముందే బయట తిప్పి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ వేసి, ఎవరో ఒకరం పక్కనే ఉంటాం. మెడపట్టీ మీద ఫోను నంబరు రాసి ఉంచుతాం, బెదిరి పారిపోయే కుక్కలు ఆ రాత్రి ఎక్కువ. భయపడ్డ కుక్కని దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా ముదురుతుందని చెబుతారు, అది నిజం కాదు. ఒళ్లోకి వస్తే ఒళ్లో పెట్టుకోండి.

ఇప్పుడు నడుస్తున్న పాఠం గోళ్లది. గోళ్ల కత్తెర అంటే జున్నుకి ఇప్పటికీ పడదు. గడ్డం పెట్టినా కత్తెర టిక్కుమన్న చప్పుడుకి ఎత్తేస్తుంది. అందుకని పెద్దవాడు ఒక చెక్కకి ఉప్పు కాగితం అంటించి తెచ్చాడు. చెక్క ఏటవాలుగా పట్టుకుంటే జున్ను ముందుకాళ్లతో గోకుతుంది, గోళ్లు తనంతట తనే అరగదీసుకుంటుంది. కుడికాలు బాగా వచ్చేసింది. ఎడమకాలితో గోకాలని ఇంకా తట్టలేదు. పాప బడినుంచి రాగానే చెక్కని ఎడమవైపుకి జరిపి పట్టుకుని కూర్చుంటోంది.